యాక్‌లో వచ్చేది జవాబా, పాత కబురా?

సంధానకర్త: నమస్కారం. ఎనిమిది పిన్నుల ఎన్ఆర్ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో మాడ్యూల్ తెలియని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఉండరేమో. ఒక నోడ్, అంటే ఈ రేడియో పెట్టిన పరికరం, ప్యాకెట్ పంపితే అవతలిది ‘అందింది’ అని యాక్ అనే రసీదు పంపుతుంది. ఆ యాక్‌లోనే డేటా కూడా పెట్టి పంపొచ్చు. సార్, మీరు అది వద్దంటారట?

ఫర్మ్‌వేర్ ఇంజినీర్: వద్దనను. జవాబు కింద వాడొద్దంటాను. కుర్రాళ్లు బటన్ నొక్కి మోటర్ ఆన్ చేస్తారు, యాక్‌లో వచ్చిన డేటా చూపే స్క్రీన్ మీద ‘ఆఫ్’ అని వస్తుంది. మళ్లీ నొక్కి ఆఫ్ చేస్తే ఇప్పుడు ‘ఆన్’ అంటుంది. కోడంతా తిరగేస్తారు, వైర్లు మారుస్తారు. తీరా చూస్తే తప్పు ఎక్కడా ఉండదు.

లెక్చరర్: మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కీ ఇదే టెన్షన్.

సంధానకర్త: ఎందుకలా?

ఇంజినీర్: యాక్ పంపేది మన ప్రోగ్రామ్ కాదండీ, చిప్పే. ప్యాకెట్ అందగానే 130 మైక్రోసెకన్లలో పంపడానికి తయారైపోతుంది. మన ప్రోగ్రామ్ నడిచే ఆర్డుయినో బోర్డు ఆ ప్యాకెట్ తెరిచి చదివేసరికి యాక్ వెళ్లిపోయి ఉంటుంది. అందుకే అందులోకి వెళ్లే డేటాను ముందే నింపి ఉంచాలి. పెళ్లిలో ముందే కట్టి పెట్టుకున్న తాంబూలం సంచిలాగా అన్నమాట. వచ్చినవాళ్లు ఏం తెచ్చారో చూసి కట్టింది కాదు.

లెక్చరర్: నిజమే, కానీ బ్యాటరీ నోడ్‌కి ఇంతకంటే మంచి దారి చూపించండి సార్. రేడియో వింటూ కూర్చుంటే దాదాపు 13 మిల్లీఆంపులు లాగుతుంది. పవర్ డౌన్‌లో, అంటే నిద్రపుచ్చినప్పుడు, ఒక్క మైక్రోఆంప్ కూడా తీసుకోదు. నోడ్ లేస్తుంది, ఉష్ణోగ్రత పంపుతుంది, ‘ఇకనుంచి పది నిమిషాలకోసారి పంపు’ అన్న ఆదేశం యాక్‌లోనే అందుకుని పడుకుంటుంది. ఆ ఆదేశం ఒక విడత పాతదైతే కొంపలేం మునుగుతాయి?

సంధానకర్త: ఎంత డేటా పడుతుంది మేడమ్?

లెక్చరర్: 32 బైట్ల దాకా. రెండువైపులా డైనమిక్ పేలోడ్, అంటే డేటా సైజు మారనిచ్చే సెట్టింగ్, ఆన్ చేసుకోవాలి. చాలామంది దెబ్బతినేది రీట్రై గ్యాప్ దగ్గర, అంటే యాక్ కోసం చూసి మళ్లీ పంపేముందు ఆగే సమయం దగ్గర. సెకనుకు 250 కిలోబిట్ల వేగంలో నిండు యాక్ రావాలంటే 1500 మైక్రోసెకన్లు ఆగాలి. ఈ మాడ్యూల్‌కి వాడే ఆర్ఎఫ్24 కోడ్ లైబ్రరీ మొదట్లో అంతే పెడుతుంది. స్పీడ్ కోసం 500కి దించినవాళ్లకే తిప్పలు: యాక్ పూర్తిగా రాకముందే పంపిన నోడ్ మళ్లీ పంపుతుంది, చివరికి ‘ఫెయిల్’ అంటుంది. అవతల చూస్తే డేటా అంది ఉంటుంది.

ఇంజినీర్: యాక్ డేటా నింపి ఉంచే క్యూ సంగతి కూడా చెప్పాలి. నింపుకోడానికి ఉన్నవి మూడే గదులు, ఆరు పైపులకీ, అంటే వేర్వేరు నోడ్లని వినే దారులకీ కలిపి. ఒక నోడ్ బ్యాటరీ అయిపోయి చచ్చిందనుకోండి, దానికోసం నింపిన మూడూ అక్కడే తిష్ఠ వేస్తాయి. మిగతా నోడ్లకి చోటుండదు. డేటా నింపే రైట్‌యాక్‌పేలోడ్ ఫంక్షన్ ఫాల్స్, అంటే ‘కుదరలేదు’ అని ఇస్తూనే ఉంటుంది, పట్టించుకునేవాళ్లేరీ? క్యూ ఖాళీ చేసే ఫ్లష్ కొడితే అందరివీ పోతాయి. నేనైతే పైపుకి ఒకటి మించి నింపనివ్వను.

సంధానకర్త: వేరే ప్రోటోకాల్స్‌లో ఎలా ఉంది?

లెక్చరర్: చిన్న పరికరాలు నెట్‌లో మాట్లాడుకోడానికి 2014లో వచ్చిన కోయాప్ ప్రమాణం చూడండి. జవాబు సిద్ధంగా ఉంటే యాక్‌లోనే వెళ్తుంది. లేకపోతే ముందు ఖాళీ యాక్, తర్వాత విడిగా జవాబు. అక్కడ యాక్ తయారుచేసేది సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆగగలదు.

సంధానకర్త: మరి మన మోటర్?

ఇంజినీర్: యాక్ వచ్చిందంటే రేడియో దాకా చేరిందనే. మోటర్‌ని ఆన్ చేసే స్విచ్, అదే రిలే, పడిందో లేదో దానికేం తెలుసు? మోటర్ కరెంట్ కొలిచి, ఆ నోడే విడిగా ప్యాకెట్ పంపాలి.

లెక్చరర్: అంత అక్కర్లేనిచోట ఆదేశానికి ఒక నంబర్ ఇవ్వండి. కాసేపాగి ఇంకో ప్యాకెట్ పంపి, యాక్‌లో అదే నంబర్ వచ్చిందేమో చూడండి.

ఇంజినీర్: ఒప్పుకుంటా. కాకపోతే ఆ రెండో ప్యాకెట్‌లో కొత్త ఆదేశం పెట్టొద్దు, ‘ఏమైంది’ అని అడగడం వరకే. పెట్టారా, దాని సంగతి తెలియడానికి మూడోది పంపాలి.