చేతికి దారం, చెవికి కథ

శ్రోతలకు నమస్కారం.

మాది నరసాపురం పక్కన ఒక పల్లె. ఏప్రిల్ వచ్చిందంటే మా వైపు కాలువలకి నీళ్లు కట్టేస్తారు. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు కూడా ముగింపుకొస్తాయి. చేలల్లో పనుండదు, పిల్లలకి బడి ఉండదు, ఎండకి వీధిలో కుక్క కూడా తిరగదు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటల నుంచి అయిదింటి దాకా ఇంట్లోనే ఉండక తప్పదు. నేను చెప్పబోయేది ఆ మూడు గంటల గురించే. నా బతుకులో అంత హాయిగా గడిచిన గంటలు వేరే లేవు.

మా చిన్నప్పుడు అన్నాలయ్యాక అమ్మమ్మ వసారా గచ్చు మీద నీళ్లు చల్లి తుడిచేది. వట్టివేళ్ల తడక తడిపి గుమ్మానికి కట్టేది. గచ్చు చల్లబడ్డాక అమ్మ, పెద్దమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య గోడకి చేరబడి, కాళ్లు చాపుకుని లేసు డబ్బాలు తెరిచేవారు. పిల్లల్లో తడుముకోకుండా చదవగలిగిన వాళ్లని మధ్యలో కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చేవారు. చాలా వేసవులు ఆ పీట నాదే.

చదివేది ఎక్కువగా చందమామ. 1947 జూలైలో మొదలైన పత్రిక అది. మా తాతయ్య పాత సంచికలన్నీ సంవత్సరాల వారీగా బైండు చేయించి పెట్టారు. బేతాళ కథ వచ్చిందంటే మా ఇంట్లో ఒక నియమం ఉండేది. శవంలోని బేతాళుడు ప్రశ్న వేసిన చోట పుస్తకం మూసేయాలి. విక్రమార్కుడి కన్నా ముందు వసారాలో ఉన్న ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాలి. పెద్దమ్మ ఒకటనేది, పిన్ని కాదనేది, వాదన కాఫీల వేళ దాకా సాగేది. ఎప్పుడూ నోరు మెదపని అత్తయ్య ఒక్కోసారి విక్రమార్కుడు చెప్పబోయే జవాబే చెప్పేది. ఆవిడకి చదువు రాదు. ఆవిడ అంత తెలివైనదని మాకు తెలిసింది ఆ వసారాలోనే.

ఇంతమంది ఒకచోట అంతసేపు కూర్చోవడానికి ఆ అల్లికే కారణమని నా నమ్మకం. చేతిలో పని లేకపోతే మా ఇంటి ఆడవాళ్లు అయిదు నిమిషాలు కూర్చోరు. పొయ్యి గుర్తొస్తుంది, ఆరేసిన వడియాలు గుర్తొస్తాయి. చేతిలో సూది, దారం ఉంటే మనసు నిలుస్తుంది. చెవులు మాత్రం ఖాళీయే కాబట్టి కథ నేరుగా లోపలికి పోతుంది. ఇప్పుడు రేడియో ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో నా మాట వింటున్న వారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లేసు అల్లడం తెలియని వారికి ఒక్క మాట. ఉన్నితో స్వెటరు అల్లేటప్పుడు రెండు సూదులు కావాలి. వరసలో ఎన్ని కన్నులు, అంటే దారపు ఉచ్చులు, ఉన్నాయో అన్నీ సూది మీదే తెరుచుకుని ఉంటాయి. ఒక కన్ను జారిందంటే కింద వరకూ నిచ్చెనలా విడిపోతూ వస్తుంది. మా క్రోషా లేసుకి కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూది చాలు. ఎంత పెద్ద పని అయినా ఏ క్షణంలో చూసినా తెరిచి ఉండేది సాధారణంగా ఒకే కన్ను. దాన్ని కాస్త పెద్దది చేసి వదిలేసి, పసిపిల్ల ఏడిస్తే లేచిపోవచ్చు, పాలు పొంగితే పరిగెత్తవచ్చు. తిరిగొచ్చి అక్కడి నుంచే అందుకోవచ్చు. ఇల్లాలి రోజుకి ఇంతగా అమరిన పని ఇంకొకటి నేను చూడలేదు. మా ఉక్కకి ఒళ్లో ఉన్ని పెట్టుకోలేం కూడా, నూలు దారం అయితే చల్లగా ఉంటుంది.

తెల్లదారానికి శత్రువు మాత్రం మామిడిపండు. రసాలు తిన్న చేత్తో డబ్బా దగ్గరికొస్తే అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. సబ్బుతో కడిగి, తుడిచి, అరచేయి చూపించాలి. కథ మంచి పట్టుమీదున్న చోట పిన్ని లెక్క తప్పేది. "ఆగవే, ఆగు, మళ్లీ చదువు" అంటూ విప్పేది. ఒకసారి విప్పకుండా వదిలేసింది. రాక్షసుడు గుహలోంచి బయటికొచ్చినప్పుడు అల్లిన ఆ పువ్వుకి ఒక రేకు ఎక్కువ. ఆ బల్లగుడ్డ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇదంతా సరదా అని చెప్పి ఊరుకుంటే నేను అబద్ధమాడినట్టే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాల్లోకి వచ్చిన ఈ లేసు మా ఊళ్లలో వేల ఇళ్లకి కూలి. ఒకరు పువ్వులల్లుతారు, మరొకరు వాటిని కలిపే అతుకు పని చేస్తారు. సరుకు చేతులు మారి విదేశాలకి వెళుతుంది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త మా నరసాపురం లేసు పనివారి మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఈ ఆడవాళ్లని పనివారిగా కాక, ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళలో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారు కాబట్టే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ తేల్చి చెప్పారు. మా అత్తయ్య కళ్లు పాడయ్యేదాకా అల్లింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిందని విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడే. సంతలో లేసు గుడ్డ చేతిలోకి తీసుకున్నప్పుడు దయచేసి బేరమాడకండి. అందులో ఒక మనిషి మధ్యాహ్నాలు ఎన్నో ఉంటాయి.

పుస్తకాల సంగతికొస్తాను. ఇంట్లో బైండ్లు లేకపోయినా దిగులక్కర్లేదు. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, రూపాయికి 8 పైసలు. ఊళ్లో శాఖా గ్రంథాలయం నడవడానికి ఆ సొమ్ము కూడా ఒక ఆధారం. మన డబ్బుతో కొన్న పుస్తకాలు మనం తెచ్చుకోకపోతే బీరువాలో చెదలకే దక్కుతాయి. వెనకటికి 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవల్లో గ్రంథాలయం నడిపారు. గంటల తరబడి సాగే ప్రయాణంలో జనం ఊరికే నీళ్లని చూస్తూ కూర్చోకూడదని ఆయన తపన. చదువు రానివారికి చదువు వచ్చినవారు చదివి వినిపించడమే నాకు ఆ ఊహలో నచ్చే బొమ్మ.

ఇప్పుడు మా వసారాలో పీట మీద కూర్చునేది మా మనవడు. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం. ఒత్తుల దగ్గర తడబడతాడు. మొదటి రెండు రోజులు విసుక్కున్నాడు. మూడో రోజు కథ ఆపి జవాబు చెప్పమన్నాను. వాడు చెప్పింది తప్పయింది, వాళ్లక్క చెప్పింది ఒప్పయింది. అంతే, మర్నాడు నేను పిలవకముందే పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఫోను తియ్యొద్దని నేను ఎవరితోనూ అనలేదు. చేతిలో సూది ఉన్నంతసేపు ఫోను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

వాళ్లక్కకి పన్నెండేళ్లు. పోయిన వేసవిలో గొలుసు కుట్టు నేర్పించాను. తర్వాతి కుట్టు కష్టంగా ఉందని వారం రోజులు గొలుసే అల్లింది. అది వసారా స్తంభాలు రెండింటినీ చుట్టి వచ్చేంత అయింది. మెల్లిగా పువ్వు పట్టుబడింది. జూన్ 12న బడి తెరుస్తారని బయల్దేరే నాటికి పదకొండు పువ్వులయ్యాయి. అతుకు నేను వేసి పంపిస్తానన్నాను. వద్దంది. పువ్వులన్నీ బిస్కెట్ల డబ్బాలో సర్ది, చందమామల పక్కన పెట్టి, "నేనొచ్చేదాకా ముట్టుకోకు అమ్మమ్మా" అంది.

మొన్న ఆటో దిగి, కాళ్లన్నా కడుక్కోకుండా డబ్బా అడిగింది. పువ్వులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. పన్నెండోది మొదలుపెట్టింది.