షామొనీ గైడ్లు

శ్రోతలకు నమస్కారం.

ఎండలు ముదిరితే మనం అరకు గురించో ఊటీ గురించో ఆలోచిస్తాం. కొండ అంటే చల్లదనం, సెలవులు, ఫొటోలు. కానీ ఒకప్పుడు ఆల్ప్స్ పర్వతాల్లో షామొనీ లోయవాసులు తమ ఊరి మీదున్న మంచుకొండను శాపం తగిలిన కొండ అనేవారు. అదే ఇప్పటి మోం బ్లాం, ఎత్తు 4,800 మీటర్ల పైచిలుకు.

1760లో జెనీవా నుంచి సొస్యూర్ అనే యువకుడు ఆ లోయకు వచ్చాడు. శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానన్నాడు. అందుకు 26 ఏళ్లు పట్టింది. 1786 ఆగస్టు 8న ఊరి డాక్టరు పకార్, కొండల్లో స్ఫటికాలు ఏరి అమ్ముకునే బల్మా కలిసి పైకెక్కారు. మరుసటి ఏడు సొస్యూర్ కూడా ఎక్కాడు, వెంట 18 మంది గైడ్లతో. ఆ 18 అనే అంకె దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. సామాన్లు మోసింది, మంచులో మెట్లు తవ్వింది వాళ్లే కదా!

ఆ తర్వాత యాత్రికులు పెరిగారు. స్ఫటికాలు ఏరుకునేవాళ్లకు, వేటగాళ్లకు దారి చూపించడమే జీవనోపాధి అయింది.

1820 ఆగస్టులో హామెల్ అనే శాస్త్రవేత్త బృందం పైకి వెళ్తుండగా కొత్తగా పడ్డ మంచు కాళ్ల కింద జారింది. ముగ్గురు గైడ్లు మంచు పగులులో పడిపోయారు. శవాలు కూడా దొరకలేదు. లోయ అంతా కదిలిపోయింది. మరుసటి ఏడే, 1821లో, షామొనీ గైడ్ల సంఘం పుట్టింది. యాత్రికుడు వస్తే వంతుల ప్రకారం గైడ్లు వెళ్లాలి. ఆపదలో పడ్డవారిని ఆదుకోవడానికి ఒక నిధి ఉండాలి. ఈ రెండూ ఎంత అవసరమో ఆ లోయకు అప్పటికే తెలిసొచ్చింది. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది.

1863లో యాత్రలు నడిపే వ్యాపారి థామస్ కుక్ ఇంగ్లండ్ నుంచి తన మొదటి స్విస్ యాత్ర నడిపించాడు. అంతకుముందు అది డబ్బు, తీరిక దండిగా ఉన్నవారి సరదా. ఇప్పుడు మధ్యతరగతి వాళ్లూ టికెట్ కొనుక్కుని వచ్చారు. జెమైమా మొరెల్ అనే యువతి ఆ యాత్ర గురించి డైరీ రాసుకుంది. నేలను తాకే గౌన్లతో ఆడవాళ్లు కొండదారుల్లో మైళ్లకు మైళ్లు నడిచారు. షామొనీలో హిమానీనదాన్ని, అంటే మెల్లగా కిందికి కదిలే మంచు ప్రవాహాన్ని, కూడా దాటారు. తలచుకుంటే ముచ్చటేస్తుంది.

వాళ్లు రావడానికి రెండేళ్ల ముందు, 1861లో, అదే లోయలో బోసోం హిమానీనదం అంచున మంచు కరిగి కొన్ని వస్తువులు, మనిషి అవశేషాలు బయటపడ్డాయి. 41 ఏళ్ల కిందట పోయిన గైడ్లవి. మంచు రోజుకు కాస్త కాస్తగా జరుగుతూ వాళ్లను కిందికి మోసుకొచ్చింది. ఆ ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ ఒక గైడ్, అప్పటికి ముసలివాడు, వచ్చి చూసి తన తోటివాళ్లను గుర్తుపట్టాడు.

సెలవు.