రిఫర్బ్ అయిన మోసిన్ అసలుదేనా? ఏది ముందు, ఏది తర్వాత చూడండి

బెంచి మీద సోవియట్ సైన్యం వాడిన రెండు మోసిన్-నాగాంట్ 91/30 రైఫిళ్లున్నాయి. రెండూ రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో తయారైనవే, రెండింటి బారెల్ మీదా 1943 అనే ఉంది. ఒకదాని స్టాక్, అంటే కట్టె భాగం, ఎర్రగా మెరుస్తోంది. రెండోది వెలిసిపోయి, నిన్ననే కందకంలోంచి తీసినట్టుంది. చాలామంది చెయ్యి ముందు రెండోదాని మీదికే పోతుంది. ముందుగా అనుమానించాల్సింది కూడా దాన్నే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సోవియట్ ఆయుధాగారాలు ఈ రైఫిళ్లను గుట్టలుగా విప్పాయి. అరిగిన భాగాలు మార్చి, కొత్తగా బ్లూయింగ్ (ఉక్కుకి వేసే నల్లటి పూత) పెట్టి, కట్టెకి లక్క పూసి నిల్వలో పెట్టాయి. ఈ పనినే రిఫర్బ్ అంటారు. సర్‌ప్లస్‌గా బయటికి వచ్చినవి ఎక్కువ భాగం ఇవే. అంటే రిఫర్బ్ అయినంత మాత్రాన నకిలీ కాదు, అది ఆ తుపాకి చరిత్రలో ఒక అధ్యాయం. ఆ జాడ చెరిపేసి "చెయ్యి పడని సరుకు" అని అమ్మితే అది మోసం. మామూలు రైఫిల్‌కి స్కోపు తగిలించి స్నైపర్ అంటే అదీ మోసమే. అందుకే ముద్ర ఉందా లేదా అని మాత్రమే చూస్తే చాలదు. ముద్ర, పూత, అతుకు... వీటిలో ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది అనేది పట్టుకోవాలి.

మొదట బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు), మేగజీన్ రెండూ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాతే మిగతా పని.

నంబర్లు నాలుగు చోట్ల ఉంటాయి: బారెల్ మొదట్లో, బోల్ట్ పిడి దగ్గర, మేగజీన్ అడుగు పలక మీద, స్టాక్ వెనక బట్‌ప్లేట్ పై కొస మీద. నాలుగూ కలిశాయని సంబరపడకండి. ఆయుధాగారంలో ఏ బోల్ట్ చేతికి దొరికితే అది బిగించి, పాత నంబరు మీద గీత కొట్టడమో, సానపట్టి చెరపడమో చేసి, బారెల్ నంబరు మళ్లీ కొట్టేవాళ్లు, లేదా ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసేవాళ్లు. కలెక్టర్లు దీన్నే ఫోర్స్ మ్యాచ్ అంటారు. అది పాత పనే, తప్పు లేదు. అంకెల ఆకారం బారెల్ మీదున్న అంకెలతో పోల్చండి. 4 తల, 7 మెడ, 9 తోక తేడాగా ఉంటే రెండూ ఒకే పంచ్ సెట్టుతో కొట్టినవి కావు.

ఇప్పుడు పది రెట్ల భూతద్దం తీసుకుని ఒక్క అంకెని బాగా దగ్గరగా చూడండి. పంచ్‌తో కొట్టిన ముద్రలో లోహం ఎక్కడికీ పోదు, పక్కకి జరుగుతుంది. అందుకే అంచు చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. లేజర్ ముద్రకి ఆ గట్టు ఉండదు, అడుగంతా ఒకే లోతులో చదునుగా ఉంటుంది. తర్వాత గాడి అడుగు రంగు చూడండి. బ్లూయింగ్ గాడిలోకి దిగి ఉంటే ముద్ర ముందు, పూత తర్వాత. గాడి అడుగున తెల్లని లోహం మెరుస్తుంటే పూత మీదే కొట్టారు. గాడిలో నలుపుంది గానీ గట్టు అరిగి, అంచులు గుండ్రంగా కరిగిపోయాయా? అయితే పాలిష్ చక్రం మీద పెట్టి, ఆ తర్వాత మళ్లీ బ్లూయింగ్ చేశారు. ఒకే ఉపరితలం మీద ఒక ముద్ర కరిగి, పక్కది పదునుగా ఉంటే, ఆ పదునుది పాలిష్ అయ్యాక పడింది. యుద్ధకాలపుది అని చెప్పే ముద్ర అలా కనిపిస్తే ఇక బేరం అక్కర్లేదు.

బారెల్ మొదట్లో ఒక చదరం, దాని లోపల ఏటవాలు గీత ఉందేమో వెతకండి. రిఫర్బ్ చేసినట్టు చెప్పే ముద్ర అది. అదుంటే "చెయ్యి పడలేదు" అన్న మాటకి విలువ లేదు.

లక్క సంగతి. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో స్టాక్ లోపలి బారెల్ గాడిలో, బయటికి కనపడని చోట మాత్రమే రుద్దండి. లక్కయితే మెత్తబడి దూదికి ఎరుపంటుతుంది. పాలియురెథేన్ వార్నిష్ అంత తేలిగ్గా కదలదు. కట్టెలో అతుకు ముక్క కనిపిస్తే కంగారు పడకండి, ఆయుధాగారాలు అలా అతికేవి. అతుకు గీత మీదుగా లక్క తెగకుండా పారి ఉంటే అతుకు ముందు పడింది, పూత తర్వాత వచ్చింది.

అమ్మేవాడు ఒప్పుకుంటే రైఫిల్ విప్పండి. బోల్ట్, క్లీనింగ్ రాడ్ తీసి, బారెల్ పట్టీలు జరిపి, పై కట్టె ఎత్తాలి. వెనక టాంగ్ (లోహ భాగం వెనక తోక) స్క్రూ, ముందు మేగజీన్ స్క్రూ తీస్తే లోహ భాగం పైకి వస్తుంది. స్లాట్‌కి సరిపడా వెడల్పున్న స్క్రూడ్రైవర్ వాడండి, లేకపోతే ఆ గీతలు మీ ఖాతాలో పడతాయి. టాంగ్ కింది వైపు రిసీవర్ (బారెల్ బిగిసే, బోల్ట్ కదిలే లోహపు డొల్ల) తయారీ సంవత్సరం ఉంటుంది. బారెల్ 1943, టాంగ్ 1938 అయితే పాత రిసీవర్‌కి తర్వాతి బారెల్ పడిందన్నమాట.

ఇక డబ్బు ఎక్కువ పోయేది స్నైపర్ల దగ్గరే. స్నైపర్ మోసిన్‌కి పెట్టిన పీయూ స్కోపు మూడున్నర రెట్లది, ఈ రైఫిల్ మీదికి 1942లో వచ్చింది. దాని మౌంట్ రిసీవర్ ఎడమ గోడకి రెండు స్క్రూలతో, రెండు పిన్నులతో బిగుస్తుంది. యుద్ధం తర్వాత చాలావాటికి స్కోపు పీకేసి, రంధ్రాలు పూడ్చి, సమంగా అరగదీశారు. ఎడమ గోడని లోపలి నుంచి టార్చి ఏటవాలుగా వేసి చూస్తే పూడ్చిన గుండ్రటి మచ్చలు తేలతాయి. అలాంటిది ఒకప్పుడు నిజంగా స్నైపరే. ఆ రంధ్రాలనే మళ్లీ తెరిచి కొత్త నకలు మౌంటు బిగిస్తే అది "మళ్లీ కట్టిన స్నైపర్" అవుతుంది, ఆ ధరే దానికి తగింది. ఆ మచ్చలే లేకుండా మామూలు రిసీవర్‌కి డ్రిల్ వేసింది మాత్రం ఉత్త కట్టుకథ. ఇజెవ్‌స్క్ స్నైపర్లలో బారెల్ మొదట్లో ఎడమ పక్క స్కోపు నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని స్కోపు మీది నంబరుతో పోల్చండి. వంచిన బోల్ట్ పిడి మొదట్లో వెల్డింగ్ అతుకు కనిపిస్తే అది తిన్నటి పిడిని కోసి అతికించినది.

జర్మన్ సైన్యపు కే98కే రైఫిల్ విషయంలో కూడా ఇదే వరస పనికొస్తుంది. సోవియట్లు పట్టుకుని రిఫర్బ్ చేసినవాటిలో రిసీవర్ ఎడమ పక్కన ఎక్స్ గుర్తు, ఎలక్ట్రిక్ పెన్సిల్ నంబర్లు, లక్క పూత ఉంటాయి. అవన్నీ ఉండి, "1945లో మా తాత జర్మనీ నుంచి నేరుగా తెచ్చాడు" అంటే కథకీ లోహానికీ పొత్తు కుదరదు. అమెరికాలో 1968 తుపాకుల చట్టం తర్వాత దిగుమతైనవాటికి దిగుమతిదారు ముద్ర ఉండాలి. ఆ ముద్ర ఉండాల్సిన చోట చిన్న గుంటలా అరగదీసి ఉంటే, మిగతాదంతా మళ్లీ మొదటి నుంచి చూడండి.

కాల్చే ఉద్దేశం ఉంటే ఒక్క మాట. బోల్ట్ మారి ఉండొచ్చు కాబట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య ఎడం) గేజ్ వేయకుండా కాల్చకండి. బారెల్ మూతి దగ్గర రైఫ్లింగ్ (గుండుని తిప్పే లోపలి గాళ్లు) లేకుండా నున్నగా తొలిచి ఉంటే భయం లేదు. క్లీనింగ్ రాడ్డుతో అరిగిన మూతిని ఆయుధాగారం అలా సరిచేసింది.

ఇప్పుడు బెంచి మీది రెండోదాని పై కట్టె ఎత్తుతున్నాం. అడుగున, ఇసుక కాగితం చేరని మూలలో, ఎర్రటి లక్క గడ్డకట్టి ఉంది. బారెల్ మీద చదరం ముద్ర సగం ఆకురాయికి పోయింది, ఏటవాలు గీత కింది కొస ఇంకా మిగిలే ఉంది.