నీళ్లలో ఆగిన కారు: ఇంజిన్ జామ్ అయిందంటే సెల్ఫ్ కొట్టకండి

(తెరపై: వానకు మునిగిన వీధి. బంపర్ దాకా నీళ్లలో ఆగిపోయిన కారు.)

నమస్తే అండీ. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చూశాం, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో చూశాం. ఇళ్లతో పాటు కార్లూ మునిగాయి. అలా నీళ్లలో ఆగిన బండికి అసలు దెబ్బ చాలాసార్లు తర్వాత తగులుతుంది, "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అన్నప్పుడు.

ఎందుకో చెప్తాను. ఇంజిన్ సిలిండర్లలోకి గాలి పీల్చి పిస్టన్‌తో నొక్కుతుంది, బండి మునిగితే ఆ దారిలోనే నీళ్లూ లోపలికి వస్తాయి. గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్లు అణగవు. 1200 సీసీ పెట్రోల్ ఇంజిన్ తీసుకోండి. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే, అంటే గాలిని పదో వంతు చోటుకి నొక్కే ఇంజిన్ అయితే, పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే. అంతకంటే ఎక్కువ నీళ్లు ఒక్క సిలిండర్‌లోకి చేరినా పిస్టన్ మధ్యలోనే ఆగిపోతుంది. డీజిల్ బండికి ఇంకా కష్టం. 1250 సీసీ ఇంజిన్‌లో ఆ చోటు దాదాపు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీ స్పూన్లు!

(తెరపై: వంగిన కనెక్టింగ్ రాడ్, పక్కనే మంచి రాడ్.)

ఇంజిన్ నడుస్తుండగా ఇలా జరిగితే ఆ జోరుకి కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్‌కి కలిపే కడ్డీ, వంగిపోతుంది. బండి నెమ్మదిగా వెళ్తూ ఆగితే చాలాసార్లు రాడ్ బతికే ఉంటుంది. అప్పుడు మళ్లీ సెల్ఫ్ కొడితే ఎయిర్ పైపుల్లో నిలిచిన నీళ్లు కూడా లోపలికి వెళ్తాయి. ఏ సిలిండర్‌లోనైనా ఇంధనం అంటుకుందంటే, దాని బలమంతా నీళ్లున్న సిలిండర్ రాడ్ మీద పడుతుంది. అందుకే తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. బండి ఆగిన చోటే, నీటి మట్టం కనపడేలా ఫోటోలు తీయండి. మామూలు ఇన్సూరెన్స్‌లో నీళ్లున్న ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకున్నారేమో పాలసీలో చూసుకోండి. బండిని టోయింగ్‌లోనే పంపండి. తోసి గేర్ వేసి స్టార్ట్ చేయడం కూడా సెల్ఫ్ కొట్టినంత ప్రమాదమే.

ఇక షెడ్‌లో ఏం చేయాలి?

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పండి. ఫిల్టర్ తడిసి ముద్దగా ఉంటే కథ సగం తెలిసినట్టే. డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. డిప్‌స్టిక్‌కి ఆయిలే అంటకపోతే, లేదా ఆగేముందు ఆయిల్ లైటు వెలిగి ఉంటే అది వేరే జబ్బు. బేరింగులు పట్టేసి ఉండొచ్చు, అదే అయితే ఇంజిన్ దింపక తప్పదు.

(తెరపై: క్రాంక్ పుల్లీ బోల్టు మీద సాకెట్, పొడుగు హ్యాండిల్.)

ఇప్పుడు అసలు పరీక్ష. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఫ్యాన్ బెల్ట్‌ని తిప్పే చక్రం) బోల్టుకి సాకెట్ తగిలించి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పండి. కొంత తిరిగి ఒకచోట గట్టిగా ఆగి, వెనక్కి సులువుగా వస్తోందా? సిలిండర్‌లో నీళ్లుండొచ్చు, లేదా వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ తెగి పిస్టన్ వాల్వులకు తగులుతుండొచ్చు. రెండు వైపులా కొంచెం కూడా కదలట్లేదా? వెంటనే ఇంజిన్ సీజ్, అంటే లోపలే పట్టేసింది, అనేయకండి. ఫ్యాన్ బెల్ట్ తీసి మళ్లీ తిప్పండి. ఏసీ కంప్రెసరో ఆల్టర్నేటరో పట్టేసినా ఇంజిన్ ఇలాగే మొండికేస్తుంది. సెల్ఫ్ మోటార్ పళ్లు ఫ్లైవీల్‌లో ఇరుక్కున్నా అంతే, మోటార్ విప్పితే వదులుతుంది. ఈ రెండూ చూడకుండా ఇంజిన్ దింపుతానంటే ఒప్పుకోకండి. బెల్ట్ దగ్గర తేలిపోయే పనికి ఇంజిన్ పని ఖర్చు ఎందుకు పెట్టాలి?

నీళ్లే అనిపిస్తే, పెట్రోల్ బండికి స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. డీజిల్‌కి గ్లో ప్లగ్గులు గానీ ఇంజెక్టర్లు గానీ. మళ్లీ చేత్తో తిప్పండి. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చివ్వున చిమ్ముతాయి, ముఖం దూరంగా పెట్టుకోండి. పూర్తిగా రెండు చుట్లు అడ్డు లేకుండా తిరిగితే చాలా పెద్ద ఊరట. అప్పుడు ఇగ్నిషన్, ఇంధనం రెండూ ఆపి, ప్లగ్గులు బయటే ఉంచి, బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొంచెం కొంచెం కొడితే మిగిలిన నీళ్లూ పోతాయి. ఎయిర్ పైపులు, టర్బో బండికి ఇంటర్‌కూలర్ విప్పి ఆరబెట్టండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చండి. స్టార్ట్ చేసి కాసేపు నడిపాక ఆయిల్ మళ్లీ మార్చాలి, మొదటిసారికే తేమంతా పోదు.

(తెరపై: కంప్రెషన్ గేజ్ ముల్లు.)

స్టార్ట్ చేసే ముందు మాత్రం సిలిండర్‌లో ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ కొలిపించండి, ఈ ఒక్క పని వదలకండి. రాడ్ వంగితే దాని పొడవు తగ్గుతుంది, పిస్టన్ పూర్తిగా పైకి రాదు, ఆ సిలిండర్‌లో ముల్లు మిగతా మూడింటికంటే కింద నిలుస్తుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజిన్ కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత ఒకరోజు రోడ్డు మీద రాడ్ విరిగి బ్లాక్‌కే కన్నం పెడుతుంది. ముల్లులో తేడా కనిపిస్తే స్టార్ట్ చేయనివ్వకండి, హెడ్, కింద ఆయిల్ సంప్ విప్పించి వంగిన రాడ్ మార్పించండి.