గోదావరి ఊళ్లలో మంచి పెసరట్టు హోటల్ ఎలా పట్టుకోవాలి? పెనం దగ్గరే తేలిపోతుంది!

అందరికీ నమస్కారమండీ. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు... మన డెల్టాలో ఏ ఊళ్లో బస్సు దిగినా పొద్దున్నే అడిగే మాట ఒకటే: పెసరట్టు ఉప్మా ఎక్కడ బాగుంటుందండీ? ఈ వీడియోలో హోటళ్ల పేర్లు చెప్పట్లేదు. ఎందుకంటే ఈ రుచి మాస్టర్ చేతిలో ఉంటుంది, పిండి రుబ్బిన టైములో ఉంటుంది. మాస్టర్ మానేస్తే మర్నాటికే అట్టు మారిపోతుంది. అదే హోటల్లో ఏడింటికి తిన్నదీ పదింటికి తిన్నదీ ఒకటి కాదు. అందుకని, తెలియని ఊళ్లో కూడా పనికొచ్చే గుర్తులు చెప్తాను.

ముందు పిండి చూడండి. దోసెల పిండి పులవాలి, పెసరట్టు పిండి పులవకూడదు. అసలు కిటుకంతా ఇదే. కిలో పొట్టు పెసలకి ఓ వంద గ్రాముల బియ్యం, యాభై గ్రాముల అల్లం, పది పన్నెండు పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల జీలకర్ర. పెసలు ఆరు గంటలు నానితే చాలు. మన ఎండాకాలంలో పది పన్నెండు గంటలు వదిలేస్తే నీళ్లు నురగ కట్టి వాసనొస్తాయి, గింజ మొలక ముక్కు కూడా బయట పెడుతుంది. అలాగని తక్కువ నానినా తంటాయే, నానని గింజలు పంటికింద రాయిలా తగుల్తాయి. నీళ్లు తక్కువ పోసి, చేత్తో పట్టుకుంటే కొంచెం బరక తెలిసేలా రుబ్బాలి. మరీ మెత్తగా రుబ్బితే అట్టు సాగుతుంది, కరకరలాడదు.

రుబ్బిన రెండు గంటల్లోపు పోస్తేనే పచ్చి పెసల కమ్మదనం. ఆ తర్వాత పైన నల్లబడుతుంది, పులుపెక్కుతుంది. కాబట్టి హోటల్లోకి వెళ్లగానే పొయ్యి పక్కన చూడండి. చిన్న గిన్నెలో పిండి ఉండి, లోపల్నుంచి మళ్లీ మళ్లీ తెచ్చి నింపుతున్నారంటే కూర్చోవచ్చు. పెద్ద డబ్బా నిండా ఒకేసారి పెట్టుకుంటే, "పిండి ఎప్పుడు రుబ్బారండీ?" అని మర్యాదగా అడగండి. మంచి చోట్ల పొద్దున్నే రెండు మూడు వాయిలు రుబ్బుతారు, ఆ మాట చెప్పడానికి వెనకాడరు.

రంగు కూడా చెప్పేస్తుంది. లేత పచ్చగా, మధ్యమధ్యలో పొట్టు చుక్కలతో ఉండాలి. పసుపుగా ఉండి చుక్కల్లేకపోతే పెసరపప్పుతో వేశారన్నమాట, మెత్తగా ఉంటుంది గానీ పొట్టు రుచి ఉండదు. తెల్లగా, అప్పడంలా విరుగుతుంటే బియ్యం ఎక్కువైంది. చిలకపచ్చగా మెరిసిపోతుంటే మాత్రం అనుమానించండి, పెసలకి ఆ రంగు రాదు.

ఇప్పుడు పెనం. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. వెంటనే ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మంట తగ్గించి, అప్పుడు పిండి వెయ్యాలి. పెనం మరీ కాలిపోతే పిండి గరిటెకి చుట్టుకుని ఉండలు కడుతుంది, అట్టు మధ్యలో చిల్లులు పడతాయి. కాలకపోతే అంటుకుంటుంది. రద్దీలో ఒకే పెనం మీద దోసెలూ పెసరట్లూ కలిపి పోసే చోట ఎక్కువగా జరిగే తప్పు ఇదే, దోసె వేడికే పెసరట్టు పోసేస్తారు. పిండి తిప్పాక ఉల్లి, అల్లం, మిర్చి ముక్కలు చల్లి, అట్లకాడతో అదిమి, చుట్టూ నూనె వేసి అప్పుడు మంట పెంచాలి. ముక్కలు అదమకపోతే మడిచేటప్పుడు అన్నీ ప్లేటులో రాలతాయి. ఒక్కో అట్టుకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అరనిమిషంలో చేతికొచ్చిందా, కచ్చితంగా పచ్చివాసనొస్తుంది.

అల్లం పచ్చడి గురించి కాస్త గట్టిగానే చెప్తాను, చాలా హోటళ్లు ఇక్కడే దొరికిపోతాయి. వంద గ్రాముల అల్లానికి వంద గ్రాముల చింతపండు, నూట యాభై గ్రాముల బెల్లం, పదిహేను ఎండుమిరపకాయలు, ఉప్పు, పోపు. అల్లం ముక్కల్ని నూనెలో వేయించాలి, లేకపోతే చేదు నిలిచిపోతుంది. నాలిక మీద ముందు తీపి, వెనకాల పులుపు, చివర్న గొంతులో అల్లం ఘాటు రావాలి. పాకంలా తియ్యగా ఉండి ఘాటు లేకపోతే అల్లం దగ్గర పీనాసితనం చేశారు. ప్లేటులో నీరు విడిపోయి అట్టు కిందకి పారుతుంటే పలచన చేశారు. ఆ తడికి కరకరలాడే అట్టు కూడా నానిపోతుంది.

ఉప్మాకి బొంబాయి రవ్వ ఒక గ్లాసుకి నీళ్లు మూడు గ్లాసులు. రెండే పోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. వేడిగా, జారుగా ఉంటే చాలు. మెనూలో "ఎమ్మెల్యే పెసరట్టు" అని కనబడితే కంగారు పడకండి, ఉప్మా పెట్టిన పెసరట్టే.

పదికి మార్కులు వెయ్యాలంటే అట్టుకి ఆరు, పచ్చడికి మూడు, ఉప్మాకి ఒకటి. ఉప్మా కొంచెం తగ్గినా మంచి అట్టు దాన్ని మోసేస్తుంది. పులిసిన అట్టుని మాత్రం ఏ జీడిపప్పు ఉప్మా కాపాడలేదు.

ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి. మొట్టమొదటి అట్టు అడక్కండి, పెనం అప్పటికింకా కుదురుకోదు, రెండు మూడు వాయిలు పడ్డాక చెప్పండి. మొదట ఉప్మా లేకుండా ఒక ఉల్లి పెసరట్టు తినండి. అసలు రుచి అందులో దాక్కోలేదు. బాగుంటే అప్పుడు ఉప్మాతో చెప్పండి.

పార్సిల్ అయితే ఉప్మా వేరుగా, పచ్చడి వేరుగా కట్టించుకోండి. అట్టుని మడవకుండా అరటాకులో పెట్టించి, కవర్ మూతి తెరిచి ఉంచండి. బిగించి కడితే ఆవిరికి పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది. ఇంటికెళ్లాక మైక్రోవేవ్‌లో పెడితే సాగుతుంది, పొడి పెనం మీద నూనె లేకుండా ఒక్క నిమిషం కాల్చండి, అంచులు మళ్లీ కరకరలాడతాయి.