బండి ఫ్రేముకి తుప్పూ, పాత రంగూ ఇంట్లోనే తీయడం: బరంపురం డాబా మీద నుంచి

నమస్తే అండీ, బరంపురం నుంచి. ఇక్కడ స్పేరు పార్టుల కొట్లో తుప్పుని ‘కళంకి’ అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మనవాళ్లందరికీ అలవాటైన మాటే. గోపాలపురం సముద్రం 15 కిలోమీటర్ల చిల్లర దూరం. ఆ ఉప్పుగాలి తగిలే బండికి కళంకి పట్టడం ఖాయం. ఈ రోజు డాబా మీద పెట్టింది పాత 100 సీసీ బండి ఫ్రేము. ఇంజను, వైరింగు, రబ్బరు బుష్షులు అన్నీ విప్పేశాం.

ముందే ఒక మాట. ఈ పనికి నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకానే మంచి కాలం. వానాకాలంలో పొద్దున తుప్పు తీసిన ఇనుము సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది.

రంగు మీదకి వెంటనే పోకండి. చిన్న సుత్తి తీసుకుని బ్యాటరీ పెట్టె కింద, సైడ్ స్టాండు బిగించే చోట, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బోల్టు దగ్గర, వెనక మడ్‌గార్డు కలిసే మూలలో తట్టి చూడండి. మంచి పైపు ఖంగుమంటుంది. లోపల తినేసిన పైపు చప్పగా మోగుతుంది. అనుమానం వస్తే స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కండి. మొన దిగిందా, ఇక రంగు తీసి లాభం లేదు. ఫ్రేము పని తెలిసిన వెల్డరు ఆ ముక్క కోసి కొత్త పైపు వేయాలి. పైన రేకు ముక్క అతికిస్తే లోపల తుప్పు అలాగే తింటూ పోతుంది. బ్యాటరీ కింద ఎక్కువ పాడవడానికి కారణం బ్యాటరీ నుంచి కారే యాసిడ్.

తర్వాత హ్యాండిల్ మెడ మీద ఛాసిస్ నంబరు. దాని మీద గ్రైండరు ఆనించకూడదు. ఆర్సీలో ఉన్న నంబరు బండి మీద చదవలేకపోతే బండి అమ్మలేరు, పేరు మార్చలేరు, పైగా నంబరు చెరిపారన్న అనుమానం మీ మీదే పడుతుంది. ముందుగా నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసి, ఫొటో తీసి, దాని మీద మందపాటి టేపు రెండు వరసలు వేయండి. ఆ చోట రంగు చివర్లో రిమూవరుతో, పాత పళ్లు తోమే బ్రష్షుతో తీసుకోవచ్చు.

ఇక కడగడం. చైను ఆయిలు, మట్టి కలిసిన జిడ్డుని కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో నానబెట్టి గీకి, బట్టల సబ్బు పొడి నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఇది మానేసి వైరు బ్రష్షు పెడితే జిడ్డు గుంటల్లోకి పోయి కూర్చుంటుంది. ప్రైమరు, అంటే రంగు కింద వేసే మొదటి పూత, ఊడిపోయేది సరిగ్గా అక్కడే.

రంగుకి పెయింట్ రిమూవరు. పాత బ్రష్షుతో ఒకే దిక్కుగా, మందంగా పూయండి. వెనక్కీ ముందుకీ రుద్దితే పైపొర విరిగి తొందరగా ఆరిపోతుంది. నీడలో పెట్టి పాలిథిన్ కవరు చుట్టి 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. రంగు ఉబ్బి ముడతలు పడ్డాక పుట్టీ బ్లేడుతో ఎత్తేయాలి. గట్టి రంగైతే రెండో పూత తప్పదు. చాలా రిమూవర్లలో మైనం ఉంటుంది, అందుకే చివర్లో థిన్నరు గుడ్డతో తుడవాలి. తుడవకపోతే కొత్త రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది.

ఈ రిమూవరు విషయంలో దయచేసి జాగ్రత్త. మిథిలీన్ క్లోరైడు అనే రసాయనం ఉన్న రకమైతే దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందకి దిగి నిలుస్తుంది. మూసిన బాత్రూముల్లో, గదుల్లో ఈ పని చేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికాలో 2019 నుంచి రంగు తీయడానికి దాన్ని ఇళ్లకి అమ్మడం ఆపేశారు. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. సర్జరీ గ్లవ్సుని అది నిమిషాల్లో దాటి చేతికి అంటుతుంది. డాబా మీదో పెరట్లోనో చేయండి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. గీకిన ముద్దని కాగితం మీద పోగు చేయండి, బావి గట్టు మీదో కాలవలోనో పారేయకండి.

ఇప్పుడు గ్రైండరు. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి బిగించే కప్పు ఆకారపు వైరు బ్రష్షు మీద అచ్చేసిన వేగం అంతకంటే తక్కువుంటే కొనకండి. తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు చాలవు, ముఖానికి నిండు కవచం కావాలి. లుంగీ అంచు, తువ్వాలు, దుప్పట్టా ఏదీ దగ్గరకి రాకూడదు. నేరు పైపుల మీద నల్లటి స్పాంజీ లాంటి స్ట్రిప్ డిస్కు మేలు: రంగు తీస్తుంది, ఇనుముని పెద్దగా తినదు. గరుకు కాగితం రెక్కలుండే ఫ్లాప్ డిస్కు మాత్రం పైపు మీద ఎక్కువసేపు ఆనించవద్దు, ఆ గోడ మందమే 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బ్రష్షు పెట్టగానే ఫ్రేము వెండిలా మెరుస్తుంది. ఒక్కసారి సెల్ టార్చి పక్కవాటుగా పెట్టి దగ్గరగా చూడండి: మెరుపు మధ్య ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు. గుండుసూది మొన పెట్టి గీకితే నల్లని, ఎర్రని పొడి రాలుతుంది. అది తుప్పే. తీగలు గుంట లోపలికి పోవు, పైన మాత్రం పాలిష్ చేసి వదిలేస్తాయి. ఆరు నెలల్లో కొత్త రంగు బొబ్బలెత్తేది ఈ చుక్కల దగ్గరే.

ఆ గుంటలకి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్లకి 100 గ్రాములు. పాత నూలు గుడ్డ అందులో ముంచి పైపుకి చుట్టి, మీద పాలిథిన్ కట్టి, 6 నుంచి 8 గంటలు ఆరకుండా ఉంచండి. గుడ్డ ఆరిందంటే ఆ చోట పని ఆగినట్టే, గీత కూడా పడుతుంది. బ్రాకెట్ల లాంటి చిన్న ముక్కలకి లీటరుకి 50 గ్రాములతో రాత్రంతా నానబెడితే చాలు. తీశాక బూడిదరంగు పొర కనిపిస్తుంది, బ్రష్షుతో పోతుంది. ఆనక లీటరుకి ఒక చెంచా చాకలి సోడా కలిపిన నీళ్లతో కడిగి, వేడి నీళ్లు పోయండి. వేడెక్కిన ఇనుము తనంతట తనే తొందరగా ఆరుతుంది. బాత్రూము యాసిడ్ మాత్రం వద్దు. దాని క్లోరైడు అతుకుల సందుల్లో మిగిలి మళ్లీ తుప్పు తెస్తుంది. గట్టి బోల్టులు, స్ప్రింగులు దాంట్లో వేస్తే పెళుసెక్కి విరిగే ప్రమాదం ఉంది.

ఆరిన ఫ్రేముని వట్టి చేత్తో ముట్టకండి. చెమట చేయి ఆనిన చోట తెల్లారేసరికి వేలిముద్రలాగే ఎర్రగా తుప్పు తేలుతుంది. థిన్నరు గుడ్డతో తుడిచి, అదే పూట ప్రైమరు కొట్టేయాలి. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు మంచిది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. చవకని మామూలు రెడ్ ఆక్సైడు ప్రైమరు వేసి దాని మీద ఘాటు థిన్నరు కలిపిన రంగు కొడితే కింద పొర ముడుచుకు లేస్తుంది.

ప్రైమరుకి ముందు బోల్టు మరల్లో పాత బోల్టులు బిగించండి, బేరింగు కప్పులకి టేపు వేయండి. ఎర్త్ వైరు బిగించే చోట రూపాయి బిళ్లంత ఇనుము ఖాళీగా వదలండి. అక్కడ రంగు పడితే లైట్లు మినుకుమంటాయి. వైరు బిగించాక దాని మీద కాస్త వేసలైన్ రాస్తే సరిపోతుంది.