స్కాన్ నార్మల్ అన్న రోజు

(గుంటూరులో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుతూ పోతే పావుగంట అక్కడే అయిపోతుంది. నాకు ఇచ్చింది ముప్పావు గంట. పెద్దలు మన్నించాలి.

పిల్లలూ, రామన్ గారి గురించి పొద్దుటి నుంచీ వింటున్నారు. 1928 ఫిబ్రవరి 28 సంగతి మళ్ళీ నేను చెప్పనక్కర్లేదు. నాకు ఇచ్చిన అంశం మెదడు రక్తనాళాల జబ్బులను చూపించే స్కాన్‌లు, వాటి వెనక ఉన్న కెమిస్ట్రీ. పద్ధతిగానే రాసుకొచ్చాను. ముందు ఎక్స్‌రే, తర్వాత సీటీ, తర్వాత ఎమ్మారై. కానీ ఫిబ్రవరిలో గుంటూరు బస్సు దిగగానే మిర్చి ఘాటు ముక్కుకు తగిలింది. ఆ వరుస ఇక నిలవలేదు. మా చిన్నాన్న సంగతి ముందు చెప్పేస్తాను. అది చెప్పకపోతే మిగతాది నోటికి రాదు.

2011 ఫిబ్రవరి. ఫిరంగిపురం వైపు మా ఊరు. చిన్నాన్న కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. పొద్దున ఏడింటికి పిన్ని టీ తెచ్చిచ్చింది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఇంకో గ్లాసు పోసిచ్చింది, అదీ జారిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది, మూతి ఒక పక్కకు లాగింది. రాత్రంతా కల్లం కాపలా పడుకున్నాడు కదా, చలిగాలి కొట్టిందేమో అనుకుంది పిన్ని. ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూశాడు, ఒక ఇంజెక్షన్ చేశాడు, సెలైన్ పెడదామన్నాడు. పక్కింటాయన పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందని మనిషిని పంపబోయాడు. నవ్వకండి. ఆయన మా మంచి కోరే చెప్పాడు. మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఈ మాట చెప్పే ఉంటారు.

మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, కారు మాట్లాడి గుంటూరు తీసుకొచ్చాడు. నేను క్లాసు వదిలేసి నేరుగా వెళ్ళాను. తొమ్మిది నలభైకి సీటీ స్కాన్ అయింది. లోపలి నుంచి ఒకతను వచ్చాడు. “బ్లీడింగ్ ఏమీ లేదండీ, స్కాన్ నార్మల్. పెద్ద డాక్టరు గారు సాయంత్రం వస్తారు, రిపోర్టు అప్పుడు చూపించుకోండి” అన్నాడు.

నార్మల్. ఆ ఒక్క మాటకు పిన్ని అక్కడే కూలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పది గంటలకు మేమంతా రోడ్డు పక్కన నిలబడి కొబ్బరి బోండాలు తాగుతున్నాం. చిన్నాన్న మూతి ఇంకా వంకరగానే ఉంది. నీళ్ళు ఒక పక్క నుంచి చొక్కా మీదికి కారుతున్నాయి. నేను చూశాను. నా కొంగుతో తుడిచాను. తుడిచి, ఇంటికి తీసుకెళ్ళాం. సాయంత్రం నిద్రపోతున్నాడు కదా, లేపడం ఎందుకని లేపలేదు. తెల్లారేసరికి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. రెండో స్కాన్‌లో మెదడు ఎడమ పక్కన పెద్ద నల్లటి మచ్చ కనిపించింది.

అప్పటికి నేను కెమిస్ట్రీ పాఠాలు చెప్పబట్టి 22 ఏళ్ళు. ఎక్స్‌రే దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని నేను. నార్మల్ అంటే అర్థం ఏమిటి బాబూ అని ఆ అబ్బాయిని అడగలేదు. ఆ ప్రశ్న ఇవాళ మీ ముందు అడుగుతున్నాను. జవాబు కూడా నేనే చెప్పాలి.

ఎక్స్‌రేకు దారిలో అడ్డం వచ్చేవి ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లు దట్టంగా ఉన్న చోట కిరణం ఎక్కువగా ఆగిపోతుంది, పలచగా ఉన్న చోట దాటిపోతుంది. ఎక్స్‌రేలతోనే పనిచేసే సీటీ స్కాన్‌కు ఉన్న చూపు అంతే. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆస్పత్రిలో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మొదటిసారి ఒక రోగి మెదడును చూపించింది. ఆ బొమ్మలో అడ్డం 80 గళ్ళు, నిలువు 80 గళ్ళు. మీ ఫోన్‌లో చిన్న ఐకాన్‌కు కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. అయినా పుర్రె తెరవకుండా మెదడులోకి చూడగలిగారు! ఆయన పేరుతోనే కొలమానం ఉంది. అందులో నీరు 0, గాలి మైనస్ 1000, మెదడు 30 నుంచి 40 దాకా, గడ్డకట్టిన తాజా రక్తం 60 నుంచి 80 దాకా. అందుకే మెదడులో రక్తం చిమ్మితే ఫిల్ము మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎందుకు తెల్లగా ఉంటుంది? చెప్పండి. ముందు వరుసలో ఎవరో ‘ఐరన్’ అన్నారు. అందరూ అదే అంటారు. కాదమ్మా. ఇనుము వాటా చాలా తక్కువ. హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్, ఆ ప్రోటీన్ చిక్కదనమే ఆ తెలుపుకు కారణం. వారాలు గడిచి ప్రోటీన్ విరిగిపోయేకొద్దీ తెలుపు కూడా తగ్గిపోతుంది. ఇనుమును పట్టుకునేది ఎమ్మారై, అది పెద్ద అయస్కాంతంతో తీసే స్కాన్. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌లో జత లేని ఒంటరి ఎలక్ట్రాన్లు ఉండవు, ఆక్సిజన్ పోతే ఒక్కో ఇనుము పరమాణువుకు నాలుగు ఉంటాయి అని 1936లో పౌలింగ్, కోరియెల్ అనే కెమిస్టులు అయస్కాంతంతో తేల్చారు. వాళ్ళకు అప్పుడు స్కాన్ ఆలోచనే లేదు. కానీ ఎప్పుడో చిట్లిన సన్న నాళాల గుర్తులు ఇవాళ ఎమ్మారైలో నల్లటి చుక్కలుగా కనబడుతున్నాయంటే ఇనుములోని అలాంటి ఒంటరి ఎలక్ట్రాన్ల వల్లే.

సరే, మా చిన్నాన్న దగ్గరికి వస్తాను. ఆయనకు నాళం చిట్లలేదు, మూసుకుపోయింది. పక్షవాతాల్లో ఎక్కువ శాతం అలాంటివే. నాళం మూసుకున్న తొలి గంటల్లో అక్కడి మెదడుకూ పక్కనున్న మంచి మెదడుకూ ఎలక్ట్రాన్ల దట్టంలో తేడా ఎంత? దాదాపు ఏమీ ఉండదు. ఆరితేరిన కన్ను కొన్ని సూచనలు పట్టుకోవచ్చు, చాలాసార్లు పట్టుకోవడానికే ఏమీ ఉండదు. నల్లటి మచ్చ రావడానికి గంటలు పడుతుంది. అది కనిపించేసరికి ఆ భాగం చచ్చిపోయి ఉంటుంది.

ఇప్పుడు వినండి. మూతి వంకరపోయిన మనిషికి మొదటి సీటీ తీసేది జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు. రక్తం చిమ్మిందా లేదా చూడడానికి. చిమ్మి ఉంటే, గడ్డను కరిగించే మందు ఇస్తే ప్రాణం తీస్తుంది. చిమ్మలేదు అంటే ఆ మందు ఇవ్వడానికి మొదటి తలుపు తెరుచుకున్నట్టు. ఆల్టెప్లేజ్ అనే ఆ మందు, మన ఒంట్లో ఉండే ప్రోటీనే, పక్షవాతం మొదలైన మూడు గంటల లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో పెద్ద అధ్యయనం తేల్చింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. అదే ప్రోటీన్‌లో మూడు చోట్ల అమైనో ఆమ్లాలు మార్చి, ఒక్క సూదితో ఇచ్చే టెనెక్టెప్లేజ్ తయారుచేశారు. ఒక అణువును ఎక్కడ మార్చాలో తెలిసిన కెమిస్టులు చేసిన పని అది.

లెక్క వేయండి. ఏడింటికి గ్లాసు జారింది. నాలుగున్నర గంటలంటే పదకొండున్నర. తొమ్మిది నలభైకి స్కాన్. ఏ మాట విని ఒక డాక్టరు పరుగెత్తుకు రావాలో ఆ మాట విని మేము ఇంటికి వెళ్ళిపోయాం. గంటా యాభై నిమిషాలు మా చేతిలో ఉండగా వెళ్ళిపోయాం. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీ కణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు. ఆ అంకె చదివిన రాత్రి నేను గుణించాను. మీరు గుణించకండి.

ఎమ్మారై అయితే చూపించేదా? చూపించేది. ఎలా చూపిస్తుందో చెప్పాలంటే మన భీమవరం వెళ్ళాలి. పశ్చిమ గోదావరి పిల్లలు ఎవరైనా ఉన్నారా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పేరు చెప్పగానే ఫోలిక్ ఆసిడ్ అంటారు, మందుల సంగతి చెబుతారు. నేను చెప్పేది అంతకు ముందు సంగతి. అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. అమ్మోనియం మాలిబ్డేట్ వేసి క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనో ఫాస్ఫేట్ అంత. ప్రపంచంలో బయోకెమిస్ట్రీ చదివిన ఎందరో విద్యార్థులు ఆ నీలం చూసినవాళ్ళే. పై అంతస్తు ల్యాబ్‌లో మీకోసం మూడు టెస్ట్ ట్యూబులు పెట్టించి వచ్చాను.

కండరాల రసంలో కొలుస్తుంటే ఆ నీలం రావాల్సిన తీరులో రాలేదు. మెల్లగా, ఆగి ఆగి వచ్చింది. ఇంకొకరైతే ద్రావణం పాడైందని పారబోసి మళ్ళీ కలిపేవాళ్ళు. మీరు పారబోయరా? వీళ్ళు ఆగి చూశారు. ఏదో బలహీనమైన బంధంతో ఉన్న ఫాస్ఫేట్ మెల్లమెల్లగా విడిపోతోందని పట్టుకున్నారు. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927. ఆ తర్వాత 1929లో ఏటీపీ, కణాలకు శక్తినిచ్చే అణువు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టాడు. ప్రతి కణానికీ రోజు గడిచేది ఆ ఏటీపీతోనే.

మెదడు బరువు ఒంట్లో రెండు శాతం, వాడుకునే ఆక్సిజన్ 20 శాతం. దాచుకోవడం దానికి చేతకాదు. రక్తం ఆగితే నిమిషాల్లో ఏటీపీ అడుగంటుతుంది. కణం పొరలో సోడియాన్ని బయటికి తోడే పంపు ఒకటి ఉంటుంది. 1957లో డెన్మార్క్‌లో స్కౌ అనే ఆయన పీతల కాళ్ళ నరాల్లో దాన్ని కనిపెట్టాడు. అది నడిచేది ఏటీపీతో. అది ఆగితే సోడియం లోపల పేరుకుంటుంది, దాని వెంట నీరు లోపలికి పోతుంది, కణం ఉబ్బుతుంది. మొత్తం నీరు పెద్దగా పెరగలేదు, చోటు మారింది. బయట తిరిగే నీరు లోపల ఇరుక్కుంది. సీటీకి ఇది తెలియదు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి కొలిచేదే అది, నీటి అణువు ఎంత స్వేచ్ఛగా కదులుతోందని. ఇరుక్కున్న చోటు తెల్లగా వెలుగుతుంది. 1990లో మోస్లీ బృందం పిల్లుల మెదళ్ళలో మామూలు ఎమ్మారై ఏమీ చూపించని సమయంలో, గంటలోపే, ఇది చూపించింది.

భీమవరం వాడు కనిపెట్టిన అణువు అయిపోయిందని చెప్పే తెల్లటి వెలుగు అది. విజయవాడలో, ఇక్కడ గుంటూరులో, రోజూ ఆ వెలుగు చూస్తూనే ఉంటారు. ఎంతమంది తలుచుకుంటారు ఆయన్ని?

టైమ్ అయిందని చీటీ వచ్చింది. అయొడిన్ గురించి రాసుకున్న నాలుగు పేజీలు వదిలేస్తాను, ఒక్క ముక్క చెప్పనివ్వండి. 1927లో లిస్బన్‌లో మోనిజ్ అనే డాక్టరు మెదడు నాళాల్లోకి మొదట స్ట్రాన్షియం బ్రోమైడ్ ఎక్కించాడు, ఒక రోగి చనిపోయాడు. తర్వాత సోడియం అయొడైడ్‌తో నాళాలు కనిపించాయి. బరువైన పరమాణువు, ఎక్స్‌రేను బాగా ఆపుతుంది. ఇవాళ సీటీ యాంజియోలో, అంటే నాళాలను చూపించే సీటీలో, ఎక్కించే కంట్రాస్ట్ మందు కూడా అయొడినే, అణువులో భద్రంగా కట్టి ఇస్తారు. ఎందుకు చెబుతున్నానంటే, ‘బ్లీడింగ్ లేదు’ అన్నాక అడగాల్సిన రెండో ప్రశ్న ఇది: ‘మరి నాళం తెరిచి ఉందా?’ పెద్ద నాళం మూసుకుని ఉంటే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తున్నారు. స్కాన్ చూసి ఎంచుకున్న కొందరికి 24 గంటల దాకా కూడా చేయొచ్చని 2018లో తేలింది.

మీరు డాక్టర్లు కాకపోవచ్చు. మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి, అందుకు ఇంకా చాలా చూస్తారు. కానీ పల్లెల్లో మీ ఇంట్లో ఇంగ్లిష్ రిపోర్టు చదవగలిగేది మీరే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా గడియారం చూడండి. మంచిగా ఉండగా చివరిసారి ఎన్నింటికి చూశారో అరచేతి మీద రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. స్కాన్ నార్మల్ అని ఎవరైనా అంటే ‘సంతోషమండీ, మరి మా మనిషి మూతి ఇంకా వంకరగానే ఎందుకు ఉంది? డాక్టరు గారు ఇప్పుడే చూడాలి’ అని అక్కడే నిలబడండి. సిగ్గుపడకండి. సాయంత్రం రమ్మంటే కదలకండి.

మా చిన్నాన్న తర్వాత ఆరేళ్ళు బతికాడు. నోటికి ఒకే మాట మిగిలింది, ‘కాదు’. ఆకలైనా కాదు, మంచినీళ్ళకూ కాదు, మనవరాలు ఒళ్ళో కూర్చుంటే నవ్వుతూ కాదు. నేను వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని కాదు, కాదు అనేవాడు. ఏం చెప్పాలనుకున్నాడో ఆరేళ్ళూ ఊహించాను.

పదండి పిల్లలూ, పైకి వెళ్దాం. ల్యాబ్ అసిస్టెంటు గారు ద్రావణాలు కలిపేసి ఉంటారు. మొదటి ట్యూబులో ఫాస్ఫేట్ లేదు, రెండో దాంట్లో కొంచెం, మూడో దాంట్లో ఎక్కువ. పది నిమిషాల్లో నీలం వస్తుంది. మెల్లగా వస్తే పారబోయకండి, నిలబడి చూడండి.